మోసేవాడికే దీర్ఘం

కొండ మీద, పాత గని షెడ్డు నుంచి

అక్కకి,

క్షేమంగా చేరాను. ఇక్కడ ఫోనుకి సిగ్నల్ లేదు. ఉన్నా లాభం లేదు, గేటు దగ్గరే లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేస్తున్నారు. సినిమాలో వచ్చే జీవి రూపం విడుదలకి ముందే బయటికి పొక్కకూడదట. వారానికోసారి సరుకుల బండి వస్తుంది, దాంట్లోనే ఉత్తరాలూ వస్తాయి. వచ్చేవైనా, వెళ్లేవైనా గేటు కాపలా ఆయన విప్పి చూసి గాని దాటనివ్వడు. కాబట్టి నా గురించి బావ అనే మాటలు రాయకు, కొత్త చోట పరువు పోతుంది.

ఇక పని. కథలో గని తవ్వుతుంటే రాతి పొరల్లోంచి వేరే లోకపు జీవి ఒకటి బయటపడి, గని ఇంజనీరు ఒంట్లో చేరి పెరుగుతుంది. ఆ ఇంజనీరే హీరోయిన్. ఆ జీవిని తయారు చెయ్యాల్సింది నేను. మట్టితో ఒక నమూనా చేసి చూపించాను. మూడు వరసల పళ్లు, ఎనిమిది కాళ్లు, వెనక తేలు కొండి. డైరెక్టరు దాని చుట్టూ ఒకసారి తిరిగి, ఇది పీడకల కాదు, తిరునాళ్ల బొమ్మ అన్నాడు. నెలాఖరుకి కొత్తది చూపించకపోతే ఇంకొకర్ని పిలిపిస్తాడట.

నువ్వు బడిలో జీవశాస్త్రం చెప్తావు కదా. ఒంట్లో దూరి బతికేవి నిజంగా ఎలా ఉంటాయి? అతిథిని ఎలా పట్టుకుంటాయి? అతిథి చివరికి ఎప్పుడు చచ్చిపోతుంది? వివరంగా రాయి.

మెట్లెక్కితే ఆయాసం తగ్గిందా? గుండె డాక్టరు దగ్గరికి వెళ్తానని నాకు మాటిచ్చావు. వెళ్లావా, లేక ఆ మాట కూడా గట్టు మీద పెట్టేశావా?

తమ్ముడు

*

ఇంట్లో, వంటింటి బల్ల దగ్గర్నుంచి

ఒరేయ్ తమ్ముడూ,

ముందు ఎర్రసిరా పని కానివ్వు. దూరి తినేది అతిథి. ఇల్లిచ్చి, తిండి పెట్టి, ఆఖరికి చచ్చేది ఆతిథేయి. నువ్వు రాసిన లెక్కన వచ్చిన చుట్టం ఎప్పుడు చస్తుందని నన్ను అడిగినట్టయింది. ఏడో తరగతిలో నీ చేత పదేసిసార్లు రాయించాను. మోసేవాడికే దీర్ఘం అని గుర్తు కూడా చెప్పాను. కుక్క తోక వంకరే.

రెండోది, ఆ పళ్లు పీకెయ్. ఒంట్లో ఉండి బతకాల్సినదానికి పళ్లెందుకు? అద్దెకొచ్చేవాడు గడ్డపార భుజాన వేసుకుని వస్తే ఇల్లెవరిస్తారు? తెలివైనది ఆతిథేయిని కరవదు. మంచి చేసుకుంటుంది.

ఒక పీత సంగతి చెప్తాను. దానికి పట్టే జీవి ఒకటుంది, వచ్చేటప్పుడు చుక్కంత ఉంటుంది. లోపలికి చేరాక వేళ్లు పోస్తుంది, కాళ్ల చివరల దాకా పాకుతుంది. కొన్నాళ్లకి పీత పొట్ట కింద, మామూలుగా గుడ్లు మోసే చోట, సంచి ఒకటి బయటికి వస్తుంది. ఆ సంచి లోపల చేరినదానిది. పీత మాత్రం తన గుడ్లే అనుకుని శుభ్రం చేస్తుంది, కాపలా కాస్తుంది. మగపీతకి పట్టినా అంతే, తల్లిలాగే సాకుతుంది. దానికిక సొంత పిల్లలు పుట్టవు. నువ్వు జనాన్ని భయపెట్టాలనుకుంటే అది చూపించు. చూసేవాళ్లకి తెలుస్తూ ఉంటుంది, మోసేదానికి తెలియదు.

మీ బావకి నీ ఉత్తరం చదివి వినిపించాను. ఎనిమిదేళ్లు మనింట్లో తిన్నవాడు పరాన్నభుక్కుల గురించి మనల్ని అడగడమేమిటి అన్నారు. కాపలా ఆయన చదువుకుంటాడని కావాలనే రాస్తున్నాను.

ఆయాసం అంటావా, మన మెట్లు కట్టిన మేస్త్రీది తప్పు. వెళ్తాలే డాక్టరు దగ్గరికి.

అక్క

*

కొండ మీద షెడ్డు నుంచి

అక్కా,

నీ పీత నా ఉద్యోగం నిలబెట్టింది. పళ్లు, కాళ్లు, కొండి అన్నీ పీకేశాను. ఇప్పుడది కళ్లూ నోరూ లేని సంచి. సిలికాన్ పలచగా పోసి లోపల గాలితిత్తి పెట్టాను, ఊపిరి తీసినట్టు ఉబ్బి తగ్గుతుంది. వేళ్ల కోసం సైకిలు బ్రేకు వైర్లు వాడాను. కింద కూర్చుని ఇద్దరం లాగుతుంటే చర్మం కింద పాకుతున్నట్టు కదులుతాయి. హీరోయిన్ దాని మీద చెయ్యి వేసి నిమిరింది, అంతే. టీ తెచ్చిన కుర్రాడు గ్లాసులు అక్కడే వదిలేసి బయటికి పోయాడు. డైరెక్టరు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, నేను నిన్ను తిట్టింది మర్చిపో అన్నాడు.

చుట్టమై వచ్చి దయ్యమై పట్టుకున్నట్టుంది అని లైట్లాయన ఎవరితోనో అన్నాడు. అప్పట్నుంచి దాని పేరు చుట్టం. చుట్టానికి జిగురు పూశారా, చుట్టాన్ని ఎండలో పెట్టకండి, ఇవీ ఇక్కడి మాటలు. నీ పుణ్యమా అని కాపలా ఆయన నన్ను పొద్దున్నే 'ఏం పరాన్నభుక్కు గారూ, టిఫిన్ అయిందా' అని పలకరిస్తున్నాడు.

ఒక మాట. నీ అక్షరాలు గీత దిగి కిందికి వాలిపోయాయి. పడుకుని రాశావా? చిన్నప్పటి జ్వరం నీ గుండె కవాటాన్ని బిగదీసిందని, బరువు పెరిగితే ఓర్చుకోదని పెద్ద డాక్టరు చెప్పిన రోజు నేను పక్కనే ఉన్నాను. మెట్ల మీదకి నెట్టెయ్యకు. నాకున్నది నువ్వొక్కదానివే, వెళ్లి చూపించుకో.

తమ్ముడు

*

ఆసుపత్రి వరండా బెంచీ మీద నుంచి

తమ్ముడూ,

డాక్టరు దగ్గరికి వచ్చాను, తృప్తేనా?

నీ చుట్టం గురించి ఆలోచిస్తుంటే ఒక ప్రశ్న వచ్చింది. ఈ కవరులో ఒక బొమ్మ పెడుతున్నాను. ముందు అది చూడు, తర్వాత దాని వెనక రాసింది చదువు, ఆ తర్వాతే జవాబు రాయి. అతిథి, ఆతిథేయి, ఇద్దరూ మిగలడం కుదరదనుకో. ఒక్కరే మిగులుతారు. నువ్వయితే ఎవర్ని ఉంచుతావు? మీ బావని అడిగితే నీ ఇష్టం అన్నారు. నీ ఇష్టం అనేది ఎంత బరువైన మాటో అనేవాళ్లకి తెలియదు.

నువ్వేదంటే అదే. ఒక్క ముక్కలో రాయి చాలు.

అక్క

(బొమ్మ వెనక)

ఇది పది వారాలది. ముందు రెండూ నిలవలేదు, నలభై దాటాక ఆశ కూడా వదిలేశాను. ఇది పిలవకుండా వచ్చింది. నెలలు నిండేకొద్దీ ఒంట్లో నెత్తురు సగానికి సగం పెరుగుతుందని, ఈ కవాటంతో నా గుండె అది మొయ్యలేదని, ఇప్పుడే తీయించుకోమని డాక్టరమ్మ అంటోంది. నోటితో చెప్పలేక ఇలా రాస్తున్నాను. ఉంచుకోనా, వద్దా?

*

కొండ మీద షెడ్డు నుంచి

అక్కా,

బొమ్మ పెట్టానన్నావు, కవరులో బొమ్మ లేదు. నీ సంగతి నాకు కొత్తా? కవరు అంటించి పోస్టు చేసి ఇంటికెళ్లాక, అది బల్ల మీద నీకేసి చూస్తూ ఉంటుంది. పీత బొమ్మేనా? మళ్లీ పంపు, వేళ్లు సరిగ్గా పెట్టానో లేదో చూసుకోవాలి.

ప్రశ్న మాత్రం మా షెడ్డులో నక్కి విన్నట్టే అడిగావు. చివరి సీను గురించి మూడు రోజులుగా ఇక్కడ అదే రభస. డైరెక్టరుది ఒక దారి, నాది ఒక దారి. నా జవాబులో మార్పు లేదు. అతిథే బతకాలి. రెండోది పోతే పోనీ, దానికోసం ఏడ్చేవాళ్లెవరు? ఇందులో తర్జనభర్జన పడాల్సిందేముంది? మా అక్క కూడా నా పక్షమేనని చెప్పేశాను, మాట పోనివ్వకు.

డాక్టరు దగ్గరికి వచ్చానన్నావు గాని ఏమన్నారో రాయలేదు. నువ్వు తప్పించుకోవడంలో ఘనాపాటివి.

తమ్ముడు

*

ఇంట్లో, కిటికీ పక్క మంచం మీద నుంచి

తమ్ముడూ,

జవాబు అందింది. చాలు. బొమ్మ అంత ముఖ్యమైనదేమీ కాదు, మళ్లీ పంపను.

డాక్టరమ్మ విశ్రాంతి తీసుకోమంది. బడికి సెలవు పెట్టాను. మీ బావ డ్యూటీ దిగి వచ్చాక నన్ను పరీక్షలకి తీసుకెళ్తున్నారు. రోజూ బస్సు నడిపే మనిషి, కారులో నన్ను కూర్చోబెడితే చాలు, వెనక సీట్లో గుడ్ల బుట్ట ఉన్నట్టు నడుపుతున్నారు. వెనకాల వాళ్లంతా హారన్లు కొట్టి తిట్టుకుంటూ పోతున్నారు.

నీ చుట్టం తర్వాత ఏం చెయ్యాలో చెప్తాను, రాసుకో. అది బలవంతాన రాదు. ఒంట్లో కాపలా కాసే కణాలకి, నేను పరాయిదాన్ని కాను అని నచ్చచెప్తుంది. గోడలోకి వేళ్లు పోసి నెత్తుటి నాళాల్ని వదులు చేస్తుంది, ఆ తర్వాత ఆతిథేయి మూసుకోవాలన్నా అవి మూసుకోవు. ముందు దానికి అందుతుంది, మిగిలింది మనకి. ఆకలి మారుతుంది, వాసనలు మారతాయి. నిన్నటి దాకా ఇష్టమైనది ఇవాళ కడుపులో తిప్పుతుంది. ఇంత చేస్తున్నా దాని మీద కోపం రాదు. అదే నాకు అర్థం కాదు, పాఠాల్లో కూడా లేదు. హీరోయిన్‌కి ఆ సంగతి చెప్పు, భయంతో కళ్లు పెద్దవి చెయ్యొద్దని.

ఈసారి నీ ఉత్తరంలో తప్పులు దిద్దలేదు. ఓపిక లేదనుకో.

అక్క

*

కొండ మీద షెడ్డు నుంచి

అక్కా,

నువ్వు రాసినవన్నీ డైరెక్టరు కథలో కలిపేశాడు. 'నేను పరాయిదాన్ని కాను' అన్న మాట పోస్టరు మీదకి ఎక్కుతుందట. మీ అక్క పేరు వేద్దామా అని అడిగాడు, ఆవిడ ఒప్పుకోదని చెప్పాను.

ఇప్పుడు చుట్టం లోపలి పిల్లని చేస్తున్నాం. దానికి మంచి ఆధారం దొరికింది. ఎవరిదో స్కానింగ్ ఫొటో. నల్లటి సంచిలో ముడుచుకుని పడుకున్న చిన్న ఆకారం, తల పెద్దది, చేతులు మొగ్గల్లా ఉన్నాయి. పేరున్న అంచు కత్తిరించి డైరెక్టరు తన బోర్డుకి అంటించాడు. ఎవరిదని అడిగితే నవ్వి, మన చుట్టానిదే అన్నాడు. ఎంత కొలత ఉంటే అంత, మొగ్గకి మొగ్గ, మట్టిలో దించాను. అచ్చు తీసి రంగు వేశాక మా వాళ్లే జడుసుకున్నారు. నా చేతి పనిలో ఇంత బాగా వచ్చింది ఇంకోటి లేదు. డైరెక్టరు పట్టుబట్టి నోట్లో సన్నటి పళ్లు పెట్టించాడు, ఆఖర్న పొట్ట చీల్చుకుని బయటికి వస్తుంది కదా, అందుకని.

నీకు పళ్లు నచ్చవని తెలుసు. ఏం చెయ్యను, జీతమిచ్చేవాడి మాట.

వానలు పట్టుకున్నాయి. మూడు నెలలుగా ఆయాసం ఊసే ఎత్తడం లేదు నువ్వు. తగ్గినట్టా?

తమ్ముడు

*

ఇంట్లో, కిటికీ పక్క మంచం మీద నుంచి

తమ్ముడూ,

ఆ ముఖానికి పళ్లు పెట్టకు. అడుగుతున్నాను, ఎప్పుడూ నిన్ను ఏమీ అడగలేదు. పుట్టబోయేదానికి పళ్లుండవని, జీవశాస్త్రం ఒప్పుకోదని నా మాటగా డైరెక్టరుతో చెప్పు. చీల్చుకునీ రానక్కర్లేదు. దానికేం తెలుసు? ఉన్న చోటు ఇరుకైతే కాళ్లు చాపుతుంది, అంతే. నీ ఉత్తరం చదివి దిండు కింద దాచేశాను. మీ బావ ఏమైందని అడిగితే నడుము నొప్పి అన్నాను.

పాదాలు వాచాయి. పడుకుంటే ఊపిరాడదు, నాలుగు దిళ్లు వెనక పెట్టుకుని కూర్చునే నిద్రపోతున్నాను. మెట్ల గొడవే లేదు, కింది గదిలోకి మారాం. కంగారు పడకు, నా చేతిలో ఏమీ లేదు, నీ చేతిలో అంతకన్నా లేదు. ఆ పళ్లు మాత్రం నీ చేతిలో ఉన్నాయి.

అక్క

*

కొండ మీద షెడ్డు నుంచి

అక్కా,

నీ మాట విని పళ్లు తీసేద్దామని, నోరు ఎలా ఉందో మళ్లీ చూసుకోవడానికి ఆ ఫొటోని బోర్డు మీంచి ఊడదీశాను. వెనక నీ అక్షరాలు.

కాపలా ఆయన దగ్గరికి పరిగెత్తాను. నీ కవరులోంచి తనే తీశాడట. లోపల చుట్టంలాంటిదేదో కనిపించిందట, బయటివాళ్ల చేతికి మన బొమ్మ ఎలా వెళ్లిందా అని నేరుగా డైరెక్టరుకి ఇచ్చాడట. 'బొమ్మలు దాటనివ్వకపోవడమే కదా బాబూ నా ఉద్యోగం' అన్నాడు. అతన్నేం అనను? అతనూ డైరెక్టరూ వెనక్కి తిప్పి చూడనేలేదట. నేను మాత్రం తిప్పానా? నా మేనల్లుడో మేనకోడలో, దాని ముఖం నా చేత్తో చేసి, నా చేత్తో పళ్లు గుచ్చాను.

ఇప్పుడు ఏడో నెల కదూ? బయల్దేరదామంటే దారి లేదు. మొన్నటి వానకి వాగు మీది వంతెన కొట్టుకుపోయింది. ఈ ఒడ్డుకీ ఆ ఒడ్డుకీ తాడు కట్టి బుట్టలో సరుకులు, ఉత్తరాలు లాగుతున్నారు. నన్ను కూడా లాగండని కాళ్లు పట్టుకున్నాను. మనిషి బరువు తాడు ఆపదన్నారు. రెండుసార్లు నీళ్లలోకి దిగాను, రెండుసార్లూ జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చారు.

అక్కా, నేను తప్పు రాశాను. అతిథి అని రాశాను, నా మనసులో ఉన్నది హీరోయిన్. మోసేది బతకాలి, పట్టుకున్నది పోతే పోనీ అని నా ఉద్దేశం. నాకు ఆ రెండూ ఎప్పుడూ తిరగబడతాయని నీకన్నా ఎవరికి తెలుసు? నువ్వెందుకు దిద్దలేదు? చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని తెలుసు, అయినా అడుగుతున్నాను. ఇప్పుడేమైనా చెయ్యడానికి ఉందా? డాక్టరమ్మని అడుగు. నేను రాసింది తప్పని చెప్పు.

తమ్ముడు

*

ఆసుపత్రి, కిటికీ లేని గది నుంచి

తమ్ముడూ,

ఏడవకు. నీ ఉత్తరం తడిసి వచ్చింది, వాననీళ్లని నర్సు అంది. నాకు తెలియదా?

నువ్వు రాసింది తప్పని చదివిన క్షణంలోనే తెలుసు. ఇరవై ఏళ్లుగా పిల్లల తప్పులు దిద్దుతున్నదాన్ని, నీవైతే ఇంకా ముందు నుంచీ. బొమ్మ నీకు అందలేదనీ తెలుసు, సినిమా గురించి రాశావనీ తెలుసు. ఎర్రపెన్ను మూత తీశాను కూడా. తీసి, మళ్లీ పెట్టేశాను.

ఎందుకంటావా? డాక్టరమ్మ వద్దంది. మీ బావ నీ ఇష్టం అని గోడకేసి తిరిగి పడుకున్నారు. నా గుండె సంగతి సరేసరి. లోకమంతా కలిసి ఒక్కడంటే ఒక్కడు, అదీ తప్పుగా, దాన్ని బతకనిమ్మన్నాడు. ఆ మాట ఎలా కొట్టెయ్యమంటావురా? నీకు తెలియకుండా నీ తప్పుని నేను దొంగిలించాను. ఇందులో నీ దోషం రవ్వంత లేదు. ఇది కాపలా ఆయన్ని కూడా చదవమను.

అమ్మానాన్నా పోయాక నిన్ను ఇంటికి తెచ్చుకుంటే కూడా అందరూ వద్దన్నారు. కొత్త కాపురం, పైగా పిల్లాడు, ఏకు మేకవుతాడన్నారు. మేకవలేదు, మంచి బొమ్మలు చేస్తున్నావు.

ధైర్యంగా ఉన్నాననుకోకు. చాలా భయంగా ఉంది. పీతకి తెలియదు గాని నాకు అంతా తెలుసు, అదే వచ్చిన చిక్కు. నాకూ ఉండాలనే ఉంది. దాని ముఖం చూడాలని ఉంది, నీ సినిమా చూసి తప్పులు పట్టాలని ఉంది. ఊపిరి మాత్రం నా మాట వినడం లేదు. ఇంక ఆగితే ఇద్దరికీ ప్రమాదమని సోమవారం కోసి తీస్తారట. ఈ ఉత్తరం తాడు దాటి నీకు చేరేసరికి సోమవారం అయిపోయి ఉంటుంది.

పేరు ఇంకా అనుకోలేదు. మీ బావ దాన్ని చుట్టం అనే పిలుస్తున్నారు, నీ ఉత్తరాల్లోంచి పట్టుకున్నారు. పొట్టకి దగ్గరగా వచ్చి, ఏం చుట్టమా, ఎన్నాళ్లుంటావు అని అడుగుతున్నారు. అలా అడిగి అవతలికి వెళ్లి కళ్లు తుడుచుకుని వస్తున్నారు.

పళ్లు తీసేశావా?

అక్క

*

వాగు ఒడ్డు నుంచి

అక్కకి,

ఇవాళ బుధవారం. నీ ఉత్తరం ఇప్పుడే బుట్టలో వచ్చింది. సోమవారం అయిపోయింది, ఏమైందో ఈ ఒడ్డున ఎవరికీ తెలియదు. ఆ ఒడ్డున బుట్ట కట్టే మనిషిని కేక వేసి అడిగాను, నీళ్ల హోరులో అతనికి వినిపించలేదు. బుట్ట మళ్లీ ఇప్పుడే వెళ్తుందట, ఆగరట. కాపలా ఆయన గొడుగు పట్టుకుని పక్కన నిలబడ్డాడు, ఇది విప్పి చూడనన్నాడు.

పళ్లు తీసేశాను. అచ్చు కూడా పగలగొట్టాను.

నువ్వు దిద్దనిది నేనే దిద్దుతున్నాను. చిన్నప్పుడు రాయించినట్టే, పదిసార్లు.

ఆతిథేయి బతకాలి.
ఆతిథేయి బతకాలి.
ఆతిథేయి బతకాలి.
ఆతిథేయి బతకాలి.
ఆతిథేయి బతకాలి.
ఆతిథేయి బతకాలి.
ఆతిథేయి బతకాలి.
ఆతిథేయి బతకాలి.
ఆతిథేయి బతకాలి.
ఆతిథేయి బతకాలి.

అన్నిట్లోనూ దీర్ఘం ఉందో లేదో చూసుకున్నాను. నువ్వూ ఒకసారి చూసి, దిద్ది పంపు.

తమ్ముడు